కట్టు లేని బట్ట: 'నైటీ' అనే మాట గురించి

చీర కట్టుకుంటాం. నైటీ వేసుకుంటాం. ఈ రెండు క్రియల మధ్య ఉన్న దూరం గురించే ఈ వ్యాసం.

తెలుగులో 'కట్టు' అనేది చాలా బరువైన మాట. స్త్రీ మర్యాదని కొలవాలంటే 'కట్టూ బొట్టూ' చూడమంటారు. ఊరి నియమాలు కట్టుబాట్లు. మొగుడు కట్టుకున్నవాడు, పెళ్లాం కట్టుకున్నది. ఇంట్లోంచి గెంటేసిన ఆడది కట్టుబట్టలతో బయటికొస్తుంది. అంటే ఒంటి మీద బట్ట, మెడలో తాళి, ఊళ్లో పద్ధతి అన్నీ ఒకే ధాతువు నుంచి వచ్చాయి. మగవాళ్లు కూడా ఒకప్పుడు పంచె కట్టినవాళ్లే. వాళ్లు కట్టే బట్ట నుంచి తొడిగే బట్టకి మారినప్పుడు దాన్ని చదువన్నారు, ఉద్యోగమన్నారు, నాగరికత అన్నారు. ప్యాంటు వేసుకున్న మగవాడి శీలం గురించి ఎవరూ కంగారు పడలేదు. ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం కట్టు వదలడమంటే కట్టుబాటు వదలడమే అయింది.

నైటీకి కట్టు లేదు. బొందు లేదు, ముడి లేదు, కుచ్చిళ్లు లేవు, కొంగు లేదు. తల మీంచి వేసుకుంటే భుజాల నుంచి పాదాల దాకా జారే ఒకే ఒక్క బట్ట. అది మన ఇళ్లలోకి వచ్చి దశాబ్దాలు గడిచినా దానికి తెలుగు పేరు పుట్టలేదు. పెట్టికోటుకి లోపలి లంగా అన్నాం, బ్లౌజుకి రవిక ఉండనే ఉంది. ఇంగ్లీషులో మగవాళ్లు కూడా తొడిగే జాకెట్‌ని పట్టుకొచ్చి జాకెట్టుగా మార్చి స్త్రీల ఒంటికి బిగించాం. నైటీని మాత్రం నైటీగానే ఉంచేశాం. ఎందుకు?

ఇంగ్లీషులో ఈ మాట నైట్‌గౌనుకి ముద్దుపేరు. ఆంటీ, డాడీ లాంటి మాటల్లో ఉండే గారాబపు తోకే దీనికీ ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో వాడుకలోకి వచ్చిన ఈ మాటకి అక్కడ అర్థం ఒకటే, పడుకునేటప్పుడు వేసుకునేది. మన దగ్గర పొద్దున్నే వాకిలి ఊడ్చేది, పాలు కాచేది, క్యారేజీలు సర్దేది, కుళాయి దగ్గర బిందె పట్టేది, మిద్దె మీద బట్టలారేసేది అన్నీ నైటీలోనే. అందుకే చదువుకున్నవాళ్లకి ఇదొక నవ్వులాట. 'రాత్రి వేసుకునేదాన్ని పగలు వేసుకుంటారేమిటి, ఆ మాటకి అర్థం తెలీదా?' అని.

అర్థం తెలీనిది ఎవరికి? పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల ఇంగ్లీషులో నైట్‌గౌను అంటే పడుకునే బట్ట కాదు. ఇంట్లో తీరిగ్గా, పగటి పూట, అతిథుల ముందు కూడా వేసుకునే వదులు అంగీ. ఆడవాళ్లూ వేసుకున్నారు, మగవాళ్లూ వేసుకున్నారు. మగవాళ్ల అంగీకి బనియన్ అని ఇంకో పేరుండేది. మన గుజరాతీ వర్తకుల పేరే అది. ఇవాళ మనం బనియన్ అంటే చొక్కా లోపల వేసుకునేది కానీ, ఆనాటి లండన్‌లో అది తూర్పు దేశాల నుంచి వచ్చిన గొప్ప ఫ్యాషన్. 1666లో శామ్యూల్ పీప్స్ తన బొమ్మ వేయించుకోవడం కోసం ఒక ఇండియన్ గౌను అద్దెకి తెచ్చుకున్నాడు. డైరీలో తనే రాసుకున్నాడు. సొంతది లేకపోయినా అద్దెకి తెచ్చుకుని మరీ బొమ్మలో ఎక్కాల్సినంత హోదా ఉంది ఆ వదులు బట్టకి. అమెరికన్ వైద్యుడు బెంజమిన్ రష్ అయితే వదులు దుస్తుల్లో బుద్ధి చురుగ్గా పనిచేస్తుందని, పండితుల చిత్రపటాల్లో వాళ్లు గౌన్లతో కనిపించేది అందుకేనని వివరించాడు.

అంటే నడుము బిగించని, భుజాల నుంచి పాదాల దాకా జారే ఒంటి బట్ట పురుషుడి మీద పడితే పాండిత్యానికి గుర్తు. స్నాతకోత్సవంలో వేసుకునేది అదే, న్యాయస్థానంలో అదే, చర్చిలో పాస్టరు వేసుకునేదీ ఆ కోవలోదే. అదే బట్ట స్త్రీ ఒంటి మీదికి వచ్చి, పూలచుక్కల కాటన్ అయ్యి, మెడ దగ్గర లేసు కుట్టించుకునేసరికి బద్ధకానికి గుర్తయింది. బట్ట మారలేదు. ఒళ్లు మారింది.

తెలుగులో గౌను అనే మాట సంగతి చూడండి. జడ్జిగారిది గౌను, అయిదేళ్ల ఆడపిల్లదీ గౌనే. ఈ రెండు గౌన్లకి మధ్య ఎదిగిన ఆడదానికి చోటు లేదు. పిల్ల గౌన్లో ఉన్నంతకాలం చెట్టెక్కుతుంది, సైకిలు తొక్కుతుంది, గోడ మీంచి దూకుతుంది. ఒకరోజు ఓణీల ఫంక్షన్ చేస్తారు. భోజనాలు, ఫొటోలు, చదివింపులు, అక్షింతలు. ఆ వేడుకంతా తీసి పక్కన పెట్టి చూస్తే జరిగిన పని ఒకటే, ఒక్క ముక్క బట్టలో ఉన్న పిల్లకి రెండో ముక్క తగిలించారు. ఇక ఆ రెండో ముక్క ఆమెని వదలదు. ఓణీ పైటవుతుంది, పైట చున్నీ అవుతుంది. చెయ్యి ఎప్పుడూ దాన్ని సర్దుకుంటూనే ఉంటుంది. ఇంగ్లీషులో స్త్రీకి సంబంధించి డ్రెస్ అంటే పైనుంచి కింది దాకా ఒకే ముక్కగా ఉండే బట్ట. మనం ఆ మాటని తెచ్చుకున్నప్పుడు కూడా మూడు ముక్కల పంజాబీ డ్రెస్‌కే తగిలించాం. చున్నీ లేకుండా డ్రెస్ పూర్తి కాదు.

1980ల్లో జయప్రభ 'పైటను తగలెయ్యాలి' అని కవిత రాసినప్పుడు ఎంత గొడవ జరిగిందో మన పాఠకులకి గుర్తు చేయనక్కర్లేదు. పైట ఒట్టి గుడ్డ కాదని, స్త్రీని తన శరీరానికి తనే కాపలాదారుగా నిలబెట్టే వ్యవస్థ అని స్త్రీవాద కవిత్వం మనకి నేర్పింది. కవిత్వంలో ఆ యుద్ధం సాగుతుండగానే ఏ మేనిఫెస్టో లేకుండా, ఏ సభా పెట్టకుండా లక్షల మంది ఆడవాళ్లు ఇళ్లలో పైట తీసి పక్కన పెట్టారు. నైటీ వేసుకున్నారు. ఈ నిశ్శబ్ద పరిణామాన్ని మన విమర్శ పట్టించుకున్నట్టు నాకు కనిపించదు. వంటింటి గురించి రాశాం, పడకగది గురించి రాశాం, ఆ రెండింటి మధ్యా రోజంతా తిరిగే ఆ బట్ట గురించి రాయలేదు.

పైట మాత్రం అంత తేలిగ్గా ఓడిపోలేదు. గుమ్మంలో బెల్ మోగగానే నైటీ మీదికి ఏం వస్తుందో మనందరికీ తెలుసు. తువ్వాలు. అది దొరక్కపోతే పాత చున్నీ, అదీ లేకపోతే తీగ మీద ఆరేసిన ఏదో ఒక గుడ్డ. మా వీధిలో కూరగాయల బండి వచ్చినప్పుడు చూస్తే ప్రతి గుమ్మంలోనూ నైటీ మీద తువ్వాలు కప్పుకున్న ఒక స్త్రీ. చెయ్యి తుడుచుకోవడానికీ కాదు, ఎండకీ కాదు. నైటీ ఒళ్లంతా కప్పే ఉంచింది కదా, మరి ఆ తువ్వాలు దేన్ని కప్పుతోంది? పైట లేకపోవడాన్ని. ఒంటి ముక్క బట్టకి రెండో ముక్కని మనమే, మన చేత్తోనే తగిలించి తలుపు తీస్తున్నాం.

తువ్వాలుతో సరిపెట్టుకోని ఊళ్లు కూడా ఉన్నాయి. 2018లో అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా తోకలపల్లిలో ఊరి పెద్దలు ఆడవాళ్లు పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా నైటీలు వేసుకోకూడదని తీర్మానించారు. వేసుకుంటే జరిమానా 2,000 రూపాయలు. వేసుకున్నవాళ్లని పట్టిచ్చినవాళ్లకి బహుమతి 1,000 రూపాయలు. ఈ అంకెల్ని కాస్త నిదానంగా చదవండి. ఏడు నుంచి ఏడు అంటే పగలంతా అన్నమాట. ఇంగ్లీషు నిఘంటువులోని అర్థాన్ని ఊరి చట్టం చేసేశారు. నైటు బట్ట నైటులోనే ఉండాలి. బహుమతి సంగతి ఇంకా చిత్రం. పక్కింటావిడ తన పెరట్లో ఏం వేసుకుందో చూసి చెప్పడం ఒక ఆదాయమార్గమైంది. ఇది మగవాళ్ల పని మాత్రమే అనుకుని తృప్తిపడడానికీ లేదు. 2014లో నవీ ముంబయిలోని గోఠివలిలో పగటి పూట నైటీలని నిషేధించి 500 రూపాయల జరిమానా పెట్టింది అక్కడి మహిళా మండలి.

ఇది మన వెనకబాటుతనం అనుకునేవాళ్లకి ఇంకో సంగతి. మిషనరీల ప్రభావంతో పసిఫిక్ దీవుల స్త్రీలకి అలవాటైన మదర్ హబ్బర్డ్ అనే వదులు గౌను ఒకటుంది. దీవుల్లో దాన్ని తొడిగించింది ఒళ్లు కప్పడానికి, మర్యాద నేర్పడానికి. అమెరికాలో స్త్రీలు అదే తరహా గౌనుని ఇంటిపనికి హాయిగా ఉందని వాడుకుని, దాంతోనే వీధిలోకి రావడం మొదలుపెట్టేసరికి 1880ల్లో కొన్ని ఊళ్లు అది మర్యాద కాదని నిషేధాలు పెట్టాయి. ఒకే గౌను ఒకచోట మర్యాద, ఇంకోచోట అమర్యాద. కాబట్టి తగువు బట్ట ఎంత కప్పుతుందన్నదాని గురించి కాదు. కప్పడమే లెక్కయితే నైటీ ముందు చీర నిలవలేదు. చీరలో నడుము కనిపిస్తుంది, వీపు కనిపిస్తుంది. నైటీలో మడమలు తప్ప ఏమీ కనిపించవు.

మరి నేరం ఏమిటి? నాకు అర్థమైనంతలో, నైటీలో ఉన్న స్త్రీ ఎవరి కోసమూ తయారు కాలేదు. 'ఇంకా నైటీలోనే ఉన్నావా' అన్న ప్రశ్నలో ఆ 'ఇంకా' వినండి. నైటీలో ఉండడమంటే ఇంకా మొదలవని స్థితి, చూపుకి సిద్ధం కాని స్థితి. చీర కట్టడం చూసేవాళ్ల పట్ల ఒక మర్యాద. పితృస్వామ్యానికి స్త్రీ శరీరం కనిపించడం కంటే, ఆ శరీరం తన సుఖం తాను చూసుకుంటూ కనిపించడం ఎక్కువ కష్టంగా ఉంటుంది.

సుఖం అన్నాను కదా, అది విలాసం కాదు. లంగా బొందు నడుం మీద ఏం చేస్తుందో చీర కట్టే ప్రతి స్త్రీకీ తెలుసు. ఆ నల్లటి చార స్నానం చేసినా పోదు. 2024లో బీఎంజే కేస్ రిపోర్ట్స్ అనే వైద్య పత్రికలో మహారాష్ట్ర, బీహార్ వైద్యులు ఇద్దరు పెద్దవయసు స్త్రీల గురించి రాశారు. దశాబ్దాలుగా నడుం దగ్గర చీర కట్టు బిగించిన చోట మానని పుండు పడి, అది చర్మ క్యాన్సర్‌గా మారింది. ఇది అరుదే. కానీ ఒరుపు, దురద, పుండు అరుదు కాదు. ఇంకొకటి, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తొలగింపు దేశంలోకెల్లా ఎక్కువగా కనిపించే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందున్నాయి. కడుపు కోసి కుట్లేసిన ఆడది నడుముకి బొందు ఎలా బిగిస్తుంది? మా అమ్మ ఒంటి మీదికి నైటీ వచ్చింది ఆ ఆపరేషన్ తర్వాతే. డాక్టరమ్మ చెప్పింది కాబట్టి మూడు నెలలు వేసుకుంటానంది. మూడు నెలలు గడిచాక కూడా తియ్యలేదు. 'నడుం మీద ఏమీ లేకపోతే ఇంత హాయిగా ఉంటుందని యాభై ఏళ్లదాకా నాకెవరూ చెప్పలేదే' అంది. చాలా ఇళ్లలో నైటీ ఇలా ఆస్పత్రి దారినే వచ్చింది. పురిటి సంచిలో, ఆపరేషన్ సంచిలో. జబ్బు పేరు చెప్పుకుంటే తప్ప సుఖపడే అనుమతి మన ఆడవాళ్లకి దొరకలేదు.

ఇక్కడ నా మిత్రురాలు ఒకామె ఎప్పుడూ అభ్యంతరం చెబుతుంది. 'నైటీకి అంత కిరీటం పెట్టకు. అది స్వేచ్ఛ కాదు, చాకిరీ యూనిఫారం. నిద్ర లేచిన క్షణం నుంచి పనికి దిగడానికి బట్ట మార్చుకునే టైము కూడా మిగల్చని బట్ట' అంటుంది. ఈ మాటలో నిజం ఉంది. 2024 టైమ్ యూజ్ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు దానికి పెడుతుంటే, ఆ పని చేసే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. పగలూ రాత్రీ తేడా లేని పనికి పగలూ రాత్రీ తేడా లేని బట్టే కుదురుతుంది. నైటీ రాత్రి గీత దాటి పగట్లోకి వచ్చిందంటే అది ఆడవాళ్ల నిర్లక్ష్యం వల్ల కాదు, వాళ్ల పనికి రాత్రి అనేది లేకపోవడం వల్ల. కానీ నా మిత్రురాలి వాదనని నేను పూర్తిగా ఒప్పుకోను. చాకిరీ నైటీ తేలేదు. అది చీరలోనూ ఉంది, అయిదున్నర మీటర్ల గుడ్డ దోపుకుని, తడిసిన కుచ్చిళ్లు ఈడ్చుకుంటూ చేశాం. ఉతికే బట్టలు మూడు నుంచి ఒకటికి తగ్గించింది నైటీ. అది విముక్తి కాదు, ఊపిరి. ఆ తేడా తెలిసే మాట్లాడుకుందాం.

వర్గం సంగతి కూడా ఉంది. అదే వదులు కుట్టు, అదే కాటన్ పెద్ద షాపులో అద్దాల వెనక వేలాడితే కాఫ్తాన్ అవుతుంది, లాంజ్‌వేర్ అవుతుంది. 2020లో లోకమంతా ఇళ్లలో కూర్చున్నప్పుడు అమెరికాలో ఒక కంపెనీ 'నాప్ డ్రెస్' పేరుతో కునుకు తీసే బట్టనే పగటి బట్టగా అమ్మి పేరూ డబ్బూ సంపాదించింది. వాళ్లకెవరూ జరిమానా వెయ్యలేదు. కుళాయి దగ్గర బిందెతో నిలబడ్డ స్త్రీ మాత్రం నైటీలో ఉంది కాబట్టి సంస్కారం లేనిది. పేరు మార్చుకునే స్తోమత ఉన్నవాళ్లకి ఆ బట్ట ఫ్యాషన్, లేనివాళ్లకి అప్రదిష్ట.

ఇక మన సాహిత్యం. కొన్నేళ్లుగా కథల పోటీలకి వచ్చిన కథలు చదివే పని నా మీద పడుతోంది. ఆ కథల్లో నైటీ మూడు చోట్ల తప్ప కనిపించదు. మొదటిది, మొగుణ్ణి పట్టించుకోని భార్య ఒంటి మీద. ఆమె నైటీ ఎప్పుడూ మాసిపోయే ఉంటుంది. రెండోది పడకగదిలో. అక్కడది పల్చగా ఉంటుంది. మూడోది జబ్బు మంచం మీద. విశేషణం లేకుండా ఉత్త నైటీ వేసుకున్న మామూలు మనిషి నాకింకా ఎదురు కాలేదు. అమ్మ మంచిదైతే నేతచీర కడుతుంది, నలిగినా సరే అది నేతచీరే. ఉద్యమంలో ఉన్న స్త్రీ కాటన్ చీరో, కుర్తానో. ఈ కథల్లో సగానికి పైగా రాసింది స్త్రీలే, వాళ్లలో చాలామంది ఇంటిపని ముగించుకుని నైటీల్లోనే కూర్చుని రాసి ఉంటారు. సినిమా నైటీని హాస్యానికి వాడుకుంటోందని విసుక్కుంటాం. గయ్యాళి ఆంటీ అనగానే వాళ్లకి నైటీ గుర్తొస్తుంది. మనం చేసింది అంతకంటే ఏం మెరుగు? వాళ్లు నవ్వారు, మనం దాచాం.

వాస్తవికత గురించి ఇన్ని చర్చలు చేసిన సాహిత్యం తన పాత్రలు పొద్దున్నే ఏం వేసుకుని పొయ్యి వెలిగిస్తున్నాయో చూడకపోవడం చిన్న విషయం కాదు. కథలో చీర కట్టించిన ప్రతిసారీ మనం కూడా ఆ పాత్ర మీద ఒక తువ్వాలు కప్పుతున్నాం, తలుపవతల నిలబడ్డ పాఠకుడి కోసం.

ఈ మాటకి తెలుగు పేరు పెట్టమని నేను అడగను. పేరు పెడితే దానికీ ఒక కట్టుబాటు వచ్చి కూర్చుంటుంది. 'నైటీ'లో ఉన్న ఆ 'నైటు'ని మాత్రం కాస్త పట్టించుకోమంటాను. అది బట్టకి పెట్టిన పేరు కాదు, ఆ బట్టలో ఉన్న మనిషి ఏ వేళ కనిపించవచ్చో చెప్పే ఆజ్ఞ. తోకలపల్లి పెద్దలు దాన్ని బాహాటంగా అమలు చేశారు, మనం మర్యాదగా పాటిస్తున్నాం. వదులు బట్టలో బుద్ధి బాగా పనిచేస్తుందని రష్ అన్నది నిజమే అయితే, దేశంలో అంతమంది ఆడవాళ్లు పొద్దస్తమానం పండితుల దుస్తుల్లోనే తిరుగుతున్నారు. వాళ్లకి కావాల్సింది తువ్వాలు కాదు. కుర్చీ, బల్ల, ఆ 289 నిమిషాల్లోంచి ఒక గంట.